నిప్పు లేని హుక్కా

రిసాల్ సింగ్ ఇంటి ముందుగదిలో హుక్కా నలభై ఏళ్లుగా ఆరలేదు. పొద్దున్నే ఇత్తడి కుండలో నీళ్లు మార్చి, పైన చిలుంలో పొగాకూ పిడక నిప్పులూ వేసి, గొట్టం పక్కవాడి చేతికిస్తే గాని ఆ ముసలాయనకు తెల్లవారినట్టు ఉండేది కాదు. అలాంటివాడు మంగళవారం పూట చిలుం బోర్లించి గూట్లో పెట్టేశాడు.

కారణం ఆయన మనవరాలు, నాలుగేళ్ల లాడో. గడప నుంచి గేదెల కొట్టం దాకా పరుగెడితే చాలు, పిల్లకు ఆయాసం ముంచుకొచ్చేది. రోహ్‌తక్ డాక్టరమ్మ పిల్ల ఛాతీ విని, మందు రాసి, ఆఖరున రిసాల్ చొక్కా వాసన చూసింది.

"మందు నేనిస్తాను, పొగ మీరు పెడతారు. ఇక పిల్లకెట్లా తగ్గుతుంది తాతగారూ?" అంది.

రిసాల్‌కు తల కొట్టేసినట్టయింది. ఇన్నాళ్లూ నా పొగ, నా గుండె, మధ్యలో మీకేంటి అని దబాయించిన మనిషి. నువ్వూ పీలుస్తావా తల్లీ అని ఆ పసిదాన్ని ఎవరడిగారు?

ఆ మధ్యాహ్నమే చాంద్‌గీ రామ్ వచ్చాడు. ఇద్దరిదీ ఒకే ఈడు, పక్కపక్క పొలాలు. వారం కిందట కాలువ నీటి వంతు దగ్గర మాటామాటా అనుకున్నారు కూడా. చాంద్‌గీ మంచం మీద కూర్చుని అలవాటుగా చెయ్యి చాపాడు. చేతిలోకి గొట్టం రాలేదు.

ఆ ఊళ్లో మనిషిని వెలి వేయాలంటే నోటితో చెప్పక్కర్లేదు. హుక్కా అందివ్వరు, అంతే. చాంద్‌గీ మొహం మాడిపోయింది.

"ఒక్క తడి నీళ్ల కోసం నన్ను వెలేశావన్నమాట."

"అది కాదురా, పిల్లకి..."

"మధ్యలో పిల్లనెందుకు లాగుతావు? నాతో పడదని చెప్పు, పోతా."

పోయాడు కూడా. సాయంత్రం రిసాల్ పంపిన మజ్జిగ చెంబు ముట్టుకోకుండా వెనక్కి పంపాడు. రిసాల్‌కు రొట్టె సయించలేదు. చాంద్‌గీ లేని ముందుగది ఆయనకు పాడుపడ్డ కొంపలా ఉంది. ఒక్క చిలుం వెలిగిస్తే వాడొచ్చేస్తాడు, ఆ సంగతీ తెలుసు. చెయ్యి గూటి దాకా వెళ్లింది.

"వెలిగించు చూద్దాం, ఆ నీళ్లన్నీ నీ నెత్తినే కుమ్మరిస్తా," అంది అతని భార్య. "నోరుందిగా. వెళ్లి చెప్పిరా."

చెబితే వినే రకమైతే వాడు చాంద్‌గీ ఎందుకవుతాడు?

మర్నాడు రిసాల్ హుక్కాను బూడిదతో తళతళా తోమి, కొత్త నీళ్లు పోసి, చంటిబిడ్డలా ఎత్తుకుని నడివీధిలో నడిచాడు.

"పెళ్లిచూపులకా తాతా?" అని ఎవరో అరిచారు. తిరిగి చూడలేదు. చాంద్‌గీ గుమ్మంలో దించి, గొట్టం అతని వైపు తిప్పాడు.

"పట్టు."

చాంద్‌గీ గట్టిగా లాగాడు. గుడగుడమంది. పొగ రాలేదు. మళ్లీ లాగాడు.

"నిప్పేదిరా ముసలోడా?"

"ఇక ఉండదు. నేనూ తాగను. తాగితే లాడోకి ఊపిరాడదు. గొట్టం మాత్రం రోజూ ముందు నీకే ఇస్తా."

చాంద్‌గీ ఇంకోసారి గుడగుడలాడించి, గొట్టం వెనక్కి తిప్పాడు.

"చప్పగా చచ్చింది. పట్టు, నీ వంతు."

ఇప్పుడా ముందుగదిలో ఐదుగురు ముసలాళ్లు నిప్పు లేని హుక్కా తిప్పుకుంటూ పేకాడతారు. ఊరు నవ్వుతోంది. నవ్వనీ, ఎవడిక్కావాలి? రిసాల్‌కు మొదటి వారం తల పగిలిపోయింది, ఇప్పటికీ నాలుక పీకుతుంది. చాంద్‌గీ ఇంటిదగ్గర చాటుగా రెండు బీడీలు కాలుస్తాడని అందరికీ తెలుసు. అయితేనేం, నోరు పుక్కిలించి, చొక్కా మార్చుకుని మరీ వస్తాడు.

నిన్న ముక్క వేయబోతూ చాంద్‌గీ విసుక్కున్నాడు.

"ఆ పిల్లని ఆపరా. గడప నుంచి కొట్టానికి, కొట్టం నుంచి గడపకి, పొద్దుట్నుంచి ఒకటే పరుగు. చెవులు పోతున్నాయి."

రిసాల్ చేతిలో ముక్కలు దించి, ఆ అడుగుల చప్పుడు కాసేపు విన్నాడు.

"ఆపను," అన్నాడు.