ఎవరి గొంతు?

కవీసి రాసి పంపిన కోడ్ మార్పు నిన్నటి నుంచి ముత్యాబ కంప్యూటర్ తెర మీద అలాగే ఉంది. అతను ఒప్పుకుంటేనే అది యాప్‌లో చేరుతుంది. రేపు ఫోన్ కంపెనీవాళ్లు వచ్చి చూస్తారు. నచ్చితే తమ ఫోన్లన్నిటిలో పెడతారు, లేకపోతే ఇంతటితో సరి.

ఏ సినిమా ఏ ఓటీటీలో ఉందో ఒక్కచోట వెతికిపెట్టే వెబ్ యాప్ అది. ఆలోచన ముత్యాబది. ఒకే సినిమా నాలుగు పేర్లతో కనబడకుండా జాబితాలన్నీ కలిపి సరిచేసింది అతనే. మొన్న మొన్న వచ్చి చేరిన కవీసి దానికొక చిన్న గడి పెట్టాడు: ‘ఎవరి గొంతు?’

కంపాలాలో సినిమా పేరు ఎవరికి గుర్తుంటుంది? ఎక్కడి సినిమా అయినా దాని మీద లుగాండా భాషలో కథ చెబుతూ, వెక్కిరిస్తూ, మధ్యలో హీరోని కూడా తిట్టిపోసే వీజే ఒకడుంటాడు. జనం అతని కోసమే చూస్తారు. ముత్యాబ కూడా వీడియో హాలు బల్లల మీద పెరిగినవాడే. అయినా వీజే పేరుతో వెతికే గడి పెట్టాలని తనకు తట్టలేదు. అదే అతన్ని తొలిచేస్తోంది.

నిన్న రాత్రి అతని కంప్యూటర్‌లోనే భార్య నబ్బోస ఆ గడి నొక్కి చూసి నవ్వింది.

“ఇన్నాళ్లకి నీ యాప్‌కి బుద్ధొచ్చిందయ్యా.”

“అది కవీసి పెట్టాడు.”

“అనుకున్నాలే. నువ్వైతే దర్శకుడి పేరు అడుగుతావు.”

ఏడాదిగా తను ఎదురుచూసింది ఆ నవ్వు కోసమేనని ముత్యాబకు అప్పుడే తెలిసింది.

మధ్యాహ్నం కవీసి గుడ్డట్టు చుట్టిన చపాతీలు పట్టుకొచ్చాడు.

“చూశావా అన్నా?”

“చూశాను. వెతకడం నెమ్మదిస్తోంది. రేపటికి వద్దు.”

నెమ్మదించలేదు. అతను కొలిచి చూసుకున్నాడు కూడా. కవీసి వాదిస్తాడని జవాబులు సిద్ధం చేసుకున్నాడు.

“సరే అన్నా, నీ ఇష్టం,” అంటూ కవీసి ఒక చపాతీ అతని చేతిలో పెట్టాడు.

ఆ నమ్మకం చూస్తే ముత్యాబకు ఒళ్లు మండింది.

మర్నాడు కంపెనీవాళ్లు, యాప్ వాడి చూడ్డానికి, ఒక సెలూన్ నడిపే ఆవిడను వెంటబెట్టుకొచ్చారు. కవలల తల్లి కాబట్టి ఆమెను అందరూ నాలోంగో అనే పిలుస్తారు. ఆమె ఫోన్ అందుకుని ఏదో కొట్టింది.

“వీజే తోండో అంటే ఏమీ లేదంటోంది. మనిషి బతికే ఉన్నాడా?”

అందరూ నవ్వారు.

“సినిమా పేరు కొట్టాలి నాలోంగో,” అన్నాడు ముత్యాబ.

“పేరే తెలిస్తే మీతో పనేంటి నాయనా?”

కంపెనీ పెద్దమనిషి ముత్యాబ వైపు తిరిగాడు. “మీకిది తట్టనే లేదా?”

కవీసి లేచాడు. “అనుకున్నాం సార్. అన్న నాకు అప్పగించాడు. నేనే వేళకి పూర్తి చెయ్యలేకపోయాను.”

“పూర్తయ్యాక చూద్దాం,” అని పెద్దమనిషి లేచి వెళ్లిపోయాడు. వాళ్లు మళ్లీ రారని ఇద్దరికీ తెలుసు.

మెట్లు దిగుతుంటే కవీసి మామూలుగానే అడిగాడు. “ఎక్కడ నెమ్మదిస్తోందో చూపిస్తావా అన్నా? సరిచేస్తాను.”

నెమ్మదించడం అబద్ధమని తెలిసి అడిగాడా, తెలియక అడిగాడా? తెలియకే అయివుండాలని ముత్యాబ గట్టిగా కోరుకున్నాడు. తెలిసి కూడా అందరి ముందూ ఆ తప్పు నెత్తిన వేసుకుని ఉంటే, అంతటి మనిషి కావడం తన వల్ల కాదు. గడి సంగతైతే, ఇవాళ కాకపోతే రేపు తనకూ తట్టేదే అనుకోవడానికైనా వీలుండేది; దీనికి ఆ వీలూ లేదు.