ఆరు కిలోమీటర్లు

ఫ్యాక్టరీ నుంచి మా గోదాముకి నాలుగు వందల కిలోమీటర్లు. ఆ రోజు మా బావ తెచ్చిన మందుల వ్యాను మీటరు మాత్రం నాలుగు వందల ఆరు చూపించింది. రెండు పెట్టెలు తక్కువొచ్చాయి.

జీపీఎస్ పాడై నెలైంది. మేనేజరుకి మీటరే సాక్షి. రెండు రోజుల తర్వాత మమ్మల్నిద్దర్నీ గదికి పిలిచాడు.

"ఎక్కడ పక్కకి తిప్పావ్?"

"ఎక్కడా తిప్పలేదండీ. మూత్రానికి ఆగినా రోడ్డు పక్కనే ఆగాను."

షెడ్డు మెకానిక్కుని నేను. బావ కోసం కాకపోయినా ఈ మాట చెప్పేవాణ్ణే.

"సార్, మీటరు లెక్కపెట్టేది చక్రం చుట్లని. బరువెక్కువై, గాలి తగ్గితే టైరు కింద నొక్కుకుపోతుంది. ఇరుసు కిందికి దిగుతుంది. ఒక్కో చుట్టుకి బండి కాస్త తక్కువ దూరం పోతుంది. అదే దారికి చుట్లు పెరుగుతాయి. మీరేమో ఇరవై పెట్టెలు అదనంగా ఎక్కించమన్నారు."

మేనేజరు కుర్చీలో ముందుకి వంగాడు. "గాలి తగ్గిందని ఎలా తెలుసు?"

"వ్యాను రాగానే రాడ్డుతో కొట్టి చూశాను. నాలుగు టైర్లూ మెత్తగా మోగాయి."

"ఎంత తగ్గింది?"

కొలవలేదు. సరుకు దించగానే గాలి నింపేశాను. పన్నెండేళ్ళుగా అంతే. ఏ బండి వచ్చినా కొట్టడం, నింపడం, ఆ తర్వాతే రాయడం.

ఆయన షెడ్డు పుస్తకం నా ముందుకు తోశాడు. ఆ వ్యాను నంబరు, ఆ తేదీ, పక్కనే నా చేతిరాత: 'గాలి సరిగా ఉంది'. కింద నా సంతకం.

"నింపాక రాసింది సార్! కావాలంటే మళ్ళీ అంత బరువూ ఎక్కించి, గాలి తీసి, నడిపి చూపిస్తా."

"ఆ ఆరు కిలోమీటర్లూ వచ్చేదాకా గాలి తీస్తావ్. ఎవడైనా తీస్తాడు. ఆ రోజు ఎంత ఉందో చెప్పు."

బావ నా వంక చూశాడు. కోపం లేదు. అదే భరించలేకపోయాను.

"వదిలెయ్ బామ్మర్దీ. నింపకముందు ఉన్నదే రాయాలని నీకెవరైనా చెప్పారా ఏంటి?"

జేబులోంచి తాళాల గుత్తి తీశాడు. వ్యాను తాళం ఒక్కటీ రింగు నుంచి వేరుచేసి బల్ల మీద పెట్టాడు. మిగిలింది ఇంటి తాళం.

బయట మెట్ల దగ్గర ఆగాడు.

"మీ అక్కకి నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

షెడ్డు ముందు ఇంకో వ్యాను హారను కొడుతోంది. గాలి పట్టమని.