రెండో నిమిషంలో వచ్చే గిటారు

పొద్దున కాఫీ చల్లారకముందే ఓబుళేశు ఫోను మోగేది. అవతలివాళ్లు ఏడుస్తూ ఊరి పేరు చెప్పేవాళ్లు. ఓబుళేశు ఉప్పునీళ్లు పుక్కిలించి, ఇలియాస్‌నూ ప్రవీణ్‌నూ లేపి బస్సెక్కేవాడు.

ఈ ముగ్గురిదీ కడపలో డెత్ మెటల్ బ్యాండు, అంటే గిటార్ల హోరులో పాడకుండా గర్జించే రకం. వయసులో ఉండగా ఒక ఆల్బమ్ చేసి ఊరంతా కార్డులు పంచారు. కార్డు మీద 'డెత్' అన్న మాట చూసి జనం చావులకు పిలవడం మొదలుపెట్టారు. పెళ్లికి బ్యాండు ఉన్నప్పుడు చావుకు ఉండదా అనుకున్నారు పాపం. ఇంకెవరూ పిలవరు కనక వీళ్లూ వెళ్లారు. బద్వేలు దగ్గర మొదటి చావు. గడ్డపారలు వంగిపోయే రాతినేల. ఓబుళేశు కడుపులోంచి ఒక్క గర్జన తీశాడు. నేల తెరుచుకుని మనిషి పొడుగున గుంత పడింది.

గుంత తవ్వేవాళ్లు చెమట తుడుచుకుని, "ముందే రాకూడదా అప్పా, పొద్దున్నించి సస్తాండాం" అన్నారు.

అప్పట్నుంచి పద్దెనిమిదేళ్లు అదే బతుకు. ఒక్క దమ్ము గర్జన, గుంత, మళ్లీ బస్సు. గిటారు పెట్టెలోంచి తీసే పనే లేదు. ప్రవీణ్ చావు ఇళ్ల ముందు కుర్చీలు వేసేవాడు. జిల్లాలో అలాంటి గిటారు చెయ్యి ఇంకొకటి లేదు. ఆ చేత్తో కుర్చీలు వేయించుకున్నాం మనం.

"ఒక్క పాటన్నా జనం కడదాకా వినాలప్పా," అన్నాడు ప్రవీణ్ ఒకరోజు. "అది జూసి పోతా."

ఇంకో నెల అరిస్తే ఓబుళేశుకు మాట కూడా మిగలదని డాక్టరు చెప్పాడు. ఓబుళేశు ఆ నెలను ఇంకో ఆల్బమ్‌కే ఇచ్చాడు. చావులు మానుకుని, నేల మీదైతే కష్టమని ఇలియాస్ వాళ్ల మిద్దె మీద రికార్డు చేశారు. ఇలాంటి పాటల మీద రాసే ఒకాయన నార్వే నుంచి 'పాతకాపులు మళ్లీ పాత ఊపు అందుకున్నారు' అని రాశాడు. మొదటి పాటలో రెండో నిమిషంలో మొదలయ్యే ప్రవీణ్ గిటారును తెగ పొగిడాడు. ఆ పాట లక్షసార్లు మోగిందని ఫోనులో చూసుకుని ముగ్గురూ మిఠాయి తిన్నారు.

తర్వాత అసలు సంగతి తెలిసింది. రికార్డు ఎంత బాగా కుదిరిందంటే, శ్మశానంలో ఫోను పెట్టినా నేల తెరుచుకుంటోంది. సీమంతా అదే పాట. పన్నెండు సెకన్లు పెట్టడం, గుంత పడగానే ఆపడం. ఆ నార్వే ఆయన తప్ప పదమూడో సెకను విన్నవాడు లేడు. కడదాకా విన్నవాళ్లు ఒక్కరన్నా ఉన్నారేమోనని ప్రవీణ్ మూడు నెలలపాటు రోజూ ఫోను చూసుకున్నాడు. నాలుగో నెలలో గుండె ఆగిపోయింది.

అతన్ని మట్టి చేసే చోట ఓబుళేశు నోరు తెరిచాడు. గాలి తప్ప ఏమీ రాలేదు. ప్రవీణ్ చిన్నాయన పెద్ద ఈరన్న ఫోను తీసి పాట పెట్టాడు. గుంత పడింది. ఆపబోతే ఓబుళేశు ఆయన చెయ్యి పట్టుకుని వదల్లేదు.

"ఉండు చిన్నాయనా," అన్నాడు ఇలియాస్. "ఇంకా వాని గిటారు రాల్యా."

"గుంత లోతయిపోతాది గదప్పా!"

"కానీ."

పాట సాగింది. గుంత నడుములోతు దాటి బావంత అయింది. జనం వెనక్కి జరిగారు. రెండో నిమిషంలో గిటారు వచ్చింది. జరిగేవాళ్లు జరిగినచోటే నిలబడిపోయారు.

ప్రవీణ్ చెల్లెలు శిల్ప ఏడుపాపి, "ఇది మా అన్న వాయించిందా?" అని అడిగింది. ఒకే ఇంట్లో పుట్టి పెరిగిన మనిషి అడిగిన మాట అది. అది విని ఇలియాస్‌కు ఒళ్లు మండింది, ఏడుపూ వచ్చింది.

పాట కడదాకా అయింది. గుంతలోకి తొంగిచూస్తే అడుగు కనపడలేదు. తాళ్లు చాలక పక్క ఊరినుంచి మోకులు తెప్పించి ప్రవీణ్‌ను దించారు. దించుతూనే ఉన్నారు.

"చిన్నాయనా, ఇంగోసారి పెట్టు," అంది శిల్ప.

పెద్ద ఈరన్న ఫోను జేబులో వేసుకున్నాడు.

"చాల్లేమ్మా. ఇప్పటికే శానా లోతుకు పోయినాడు మీ అన్న."