ముప్పై ఏడో చుట్టు

ముప్పై ఏడు చుట్లు పడ్డాక మా అత్త చంద్రకాంతమ్మ కాఫీ అడిగింది.

పలికితే లెక్క తప్పుతుంది. పలక్కపోతే, "పిలస్తా ఉంటే ఇనపడలేదేమే, చెవుల్లో కూడా రాగితీగ దూర్చుకున్నావా?" అంటుంది. పలికాను. పాలు కాచి, కాఫీ కలిపి ఇచ్చి వచ్చి, చుట్టిన తీగంతా విప్పి మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టాను. కాయిల్ చుట్టే మిషనుకు ఒకప్పుడు అంకెలు చూపించే మీటరు ఉండేది. మూడేళ్ల కిందట పాడైంది. "బీఎస్సీ చదివినదానివి, యాభై ఎనిమిది దాకా లెక్కబెట్టుకోలేవా?" అన్నాడు మా ఆయన. ఈ ఇంట్లో నా డిగ్రీని ఎవరైనా తలుచుకోవడం అరుదు కాబట్టి అప్పుడు కాస్త సంతోషించాను కూడా.

పుత్తూరులో మా ఆయన మునిచంద్రకు మోటారు వైండింగ్ షాపు ఉంది. మా ఇంటి ముందుగదే షాపు. మామిడితోటల రైతులు కాలిపోయిన మోటార్లను ఆటోల్లో వేసుకొని వస్తారు. మోటారు విప్పడం, బేరమాడడం, డబ్బు తీసుకోవడం ఆయన పని. కాయిల్ చుట్టడం, దాన్ని గాడుల్లో కూర్చడం, వార్నిష్ పొయ్యడం, సీరీస్ బల్బు పెట్టి పరీక్ష చెయ్యడం నా పని. ఆయన గదికీ నా గదికీ మధ్య ఒక పచ్చ కర్టెన్. పెళ్లయిన ఏడాదే కట్టారు. ఆడమనిషి చుట్టిన మోటారని తెలిస్తే రైతులు రేటు తగ్గిస్తారట. అలా పదకొండేళ్లుగా నా చేతులు మునిచంద్రకు మంచి పేరు తెచ్చిపెడుతున్నాయి. "నీ చెయ్యి పడితే మూడేండ్లు మళ్లీ చూసే పన్లేదప్పా" అని అవతల ఎవరైనా అంటే, ఇవతల నేను నా చెయ్యి తిప్పి చూసుకుంటాను. లెక్కపెట్టే పని ఆయనకూ ఉంది, సాయంత్రం, నోట్లు. అప్పుడు మాత్రం ఇంట్లో ఎవరూ తుమ్మకూడదు. లెక్క తప్పుతుంది.

పోయిన నెల ఒక ఆదివారం ఇంట్లో మీటింగు పెట్టారు. మా మరిది ఢిల్లీబాబు తిరుపతి నుంచి ఒక కాగితం తెచ్చాడు. ఎలక్ట్రికల్ మెయింటెనెన్స్ సర్టిఫికెట్ కోర్సు. ఏడాదికి ఎనభై నాలుగు వేలు. వర్క్‌షాపులో మూడేళ్లు పని చేసిన అనుభవం ఉంటే ఆరు నెలలే, నలభై ఆరు వేలే. పాసైతే శ్రీ సిటీ ఫ్యాక్టరీల్లో పదిహేడు వేల ఉద్యోగం గ్యారంటీ అని ఎర్ర అక్షరాల్లో ఉంది. ఢిల్లీబాబుకు ఇరవై ఆరేళ్లు. ఫోను చార్జింగుకు పెట్టడం తప్ప కరెంటుతో అతనికి ఇంతవరకూ పరిచయం లేదు.

"లెక్క నువ్వెయ్యి వదినా, నువ్వైతే కరెక్టుగా ఏస్తావు" అన్నాడు.

పాత క్యాలెండర్ కాగితం వెనక వేశాను. అప్పు యాభై వేలు. నెలకు రెండు వేల మూడు వందల చొప్పున ఇరవై నాలుగు కంతులు. పదిహేడు వేల జీతంలో గది అద్దె, తిండి, బస్సు, ఫోను, సినిమా పోతే మూడు వేలు మిగలొచ్చు. కంతుకు సరిపోతుంది. కోర్సు నడిచే ఆరు నెలలూ మాత్రం జీతం రాదు.

"ఆ ఆర్నెల్లు నువ్వే ఎట్లో సర్దు" అన్నాడు మా ఆయన.

"నా దగ్గర యాడుందండీ?"

"అప్పు నీ పేరు మీదే గదా తీసేది, డ్వాక్రా గ్రూపులో. నీ అప్పుకు నువ్వు సర్దుకోకపోతే ఎవురు సర్దుతారు?"

ఇంతకుముందు ఒకసారి నా పేరు మీదే తీశారు. దాంతో ఆయన బండి కొన్నాడు. ఆ బండి నేను రెండుసార్లు ఎక్కాను, రెండుసార్లూ ఆసుపత్రికే. కంతు ఆలస్యమైన ప్రతి మంగళవారమూ గ్రూపు లీడరు సంతోషమ్మ పదిమందిలో నన్ను లేపి నిలబెట్టేది. "ఏం భానుశ్రీ, బండికి పెట్రోలు దొరకతా ఉండాది గానీ కంతుకు దొరకడం లేదా?" అనేది. మిగతా వాళ్లు చీర కొంగులు చూసుకునేవాళ్లు. వాళ్ల ఇళ్లలోనూ ఎవరివో బండ్లు ఉన్నాయి. ఆ రోజులు గుర్తొచ్చాయో, నా చేతిలోని పెన్ను నోరు విప్పించిందో తెలియదు.

"ఆ కోర్సులో నేను చేరితే?" అన్నాను.

ముందు అత్త నవ్వింది. ఆమె నవ్వడం మా ఇంట్లో పండగ కిందే లెక్క. "ఇంట్లో ఊరికే కూసోనుండేదానికి సర్టిఫికెట్ ఒకటా! దేనికే, కూసున్నందుకా?" అంది. ఊరికే కూర్చున్న నా ముందు ఆ సమయానికి రెండు మోటార్లు నోళ్లు తెరుచుకొని ఉన్నాయి.

"షాక్ కొడితే ఎవురు బాధ్యత వదినా?" అన్నాడు ఢిల్లీబాబు.

"నీ చార్జరు తెగితే అతికించింది నేనే గదా. కొట్టిందా?"

మా ఆయన నవ్వలేదు. "నోరు మరీ ఎక్కువైపోయింది నీకు. పోయి పొయ్యి మీద పప్పు సూడు. నువ్వు తిరపతికి ఊరేగితే ఈడ చుట్టేదెవురు? కూలిమనిసిని పెడితే మోటారుకు ఆరునూర్లు అడగతాడు."

పదకొండేళ్లలో నా పనికి ఒక ధర వినబడడం అదే మొదటిసారి. తిట్టులో పడి వచ్చింది కాబట్టి ఆయన చూసుకోలేదు. నేను క్యాలెండర్ కాగితం మూల గబగబా వేశాను. నెలకు పదిహేను మోటార్లు, తొమ్మిది వేలు. ఏడాదికి లక్షా ఎనిమిది వేలు. పదకొండేళ్లకు, పన్నెండు లక్షలకు పన్నెండు వేలు తక్కువ. అది వేసేసరికి పప్పు మాడింది. ఆ పూట తిట్లు నాకు సరిగ్గా వినబడలేదు.

మర్నాడు కూరగాయలకని వెళ్లి ఆ కాగితం మీది నంబరుకు ఫోన్ చేశాను. ఎత్తినావిడ, "ఆడోళ్లు చేరతా ఉండారమ్మా, ఈసారి ముగ్గురు. లేడీస్ హాస్టళ్లు, ఆసుపత్రుల వాళ్లు మాకు ఆడోళ్లే కావాలని అడగతా ఉండారు. షాపు లెటర్ హెడ్ మీద అనుభవం రాయించుకోని రాండి. ఓనరు సంతకం, సీలు ఉండాల. మేము ఆయనకే ఫోన్ చేసి కనుక్కుంటాం" అంది. బస్టాండు అరుగు మీద కూర్చొని ఇంకో లెక్క వేశాను. తిరుపతిలో పదిహేను వేల పని. పుత్తూరు నుంచి బస్సు పాసు. గది అద్దె లేదు, సినిమా లేదు. పని దొరికిన ఏడాదిలోపే అప్పు తీరుతుంది. జీతం రాని ఆ ఆరు నెలల కంతులకు నా గాజులు రెండున్నాయి. అవి మరిది చదువుకైనా పోయేవే. వంకాయలు కొనడం మరిచిపోయి ఇంటికి వచ్చాను.

మా షాపులో రాతకోతలన్నీ నావే. సంతకానికి మాటిమాటికీ పిలుస్తున్నానని విసుక్కొని, మునిచంద్ర లెటర్ ప్యాడ్‌లో పది ఖాళీ కాగితాలకు ఒకేసారి సంతకం పెట్టి, సీలు గుద్ది నా ముందు పడేస్తాడు. ఈసారి కూడా అంతే. "ఢిల్లీ మూడేండ్లుగా మన షాపులో పని చేస్తా ఉండాడని రాయి. ఆ ఫారాలన్నీ నువ్వే నింపు. లోను డబ్బు రాంగానే నువ్వే పోయి కట్టేసి రా. వానికి ఆ పొద్దు క్రికెట్ మ్యాచ్ ఉండాది" అన్నాడు.

కర్టెన్ ఇవతల కూర్చొని నా మంచి చేతిరాతతో రాశాను. భానుశ్రీ అనే వీరు మా షాపులో పదకొండు సంవత్సరాలుగా మోటారు వైండింగ్, టెస్టింగ్ పనులు చేస్తున్నారని ధ్రువీకరిస్తున్నాను. సంస్థ వాళ్లు ఇచ్చిన నమూనాలో కింద ఇంకో వరుస ఉంది, నెల జీతం అని. సంతకం పెట్టిన మనిషి మాటకు విలువ ఉండాలి కదా. "లేదు" అని రాశాను.

మంగళవారం గ్రూపులో సంతోషమ్మ, "ఈసారి లోను దేనికమ్మా?" అని అడిగింది. కరెంటు కోర్సుకన్నాను. "ఎవురికి?" అంది. నాకన్నాను. ఆమె కళ్లద్దాలు కిందికి జార్చి చూసింది.

"కంతు ఆలస్యమైతే నిన్నే నిలబెడతా, సూసుకో."

"నా అప్పైతే నిలబడతాలే అక్కా."

డబ్బు వచ్చిన రోజే తిరుపతి వెళ్లి ఫీజు కట్టాను. ఇంటికొచ్చేసరికి మా ఆయన గుమ్మంలోనే ఉన్నాడు. "లెటర్ ఇచ్చినావా? వాళ్లకు అనుమానం రాకుండా రాసినావా?" అన్నాడు.

"ఒక్క అబద్ధం కూడా లేదండీ."

"అట్లుండాల" అన్నాడు.

అది జరిగి నాలుగు రోజులైంది. ఇవాళ అత్తకు కాఫీ ఇచ్చి వచ్చి మళ్లీ మొదలుపెట్టానన్నాను కదా, ఆ కాయిల్ ముప్పై దాకా వచ్చింది. అవతల వెంకటముని అనే రైతు మోటారు కోసం వచ్చి నిలబడి ఉన్నాడు. మా ఆయన ఫోను మోగింది. చేతులకు గ్రీజు ఉంటుందని ఎప్పుడూ స్పీకరులోనే పెడతాడు.

"మునిచంద్ర గారా సార్? తిరపతి నుంచి, ట్రైనింగ్ సెంటరు. మీ షాపులో భానుశ్రీ గారు పదకొండేండ్లుగా వైండింగ్ చేస్తా ఉండారని లెటర్ వచ్చింది. నిజమేనా సార్?"

"ఎవురు?"

"భానుశ్రీ గారు సార్. సంతకం మీదేనా?"

నా చెయ్యి ఆగబోయింది. ఆయన కాదన్నాడంటే నా సీటు పోతుంది, అప్పు మాత్రం నా పేరునే మిగులుతుంది. ఆగనివ్వలేదు. ముప్పై రెండు. ముప్పై మూడు. కాదంటే, ఖాళీ కాగితాలకు సంతకం పెట్టి తనే ఎందుకు పడేస్తాడో రైతు ముందు చెప్పాలి. కర్టెన్ పక్కకు జరిగింది. మునిచంద్ర నన్ను చూశాడు. కొట్టే మనిషి కాదు, కానీ ఆ చూపులో కొట్టేశాడు.

"నాదే" అన్నాడు ఫోనులోకి.

"థాంక్స్ సార్. ఇంగొకటి. జీతం దగ్గర 'లేదు' అని ఉండాది. రాసేదాంట్లో పొరపాటా సార్?"

తెరిచిన కర్టెన్‌లోంచి వెంకటముని మెడ చాపి, నా చేతుల వంకా, తన మోటారు వంకా మార్చి మార్చి చూశాడు. "అయితే ఇన్నేండ్లూ చుట్టింది నువ్వామ్మా?" అన్నాడు.

"ఏమే, కాఫీలో చక్కెర ఏదే?" అని లోపల్నుంచి అత్త కేకేసింది.

ఫోనులో ఆవిడ ఇంకా అడుగుతూనే ఉంది. "సార్? పొరపాటా సార్?"

"ముప్పై ఏడు" అన్నాను, అడిగిన ముగ్గురికీ వినబడేలా. "ముప్పై ఎనిమిది."