గ్రేస్ ఉమ్మిన ముద్ద

కట్టంగూర్ దగ్గరి ఆ ఊరి బడిలో రోజూ పన్నెండున్నరకు వంటమనిషి గ్రేస్ మొదటి ముద్ద తింటుంది. తర్వాత పెద్దసారు రఘుపతి తింటాడు. ఆ తర్వాతే పిల్లలకు గంట కొడతారు.

గ్రేస్ నాలుక వెనక్కి నడుస్తుంది. గుడ్డు కొరికితే కోడి, కోడి వెనక పురుగు, పురుగు వెనక పెంట, పెంట వెనక బర్రె, బర్రె వెనక గడ్డి వరసగా తగులుతాయి. పప్పులో కందిచెట్టు మొదట్లో కుళ్లిన ఎలుక రుచి కూడా ఉంటుంది. ఏ తిండి మీదా ఆమెకు మోజు లేదు. మొహం చిట్లించుకుని నములుతూ పోతే అన్నిటికీ అడుగున వెచ్చగా ఎండ తగులుతుంది. అప్పుడు మింగుతుంది.

"ఇయ్యాల ఏమేం తిన్నవ్ అక్కా?" అని వంటలో సాయం చేసే బిక్షమ్మ రోజూ అడుగుతుంది.

"చెప్తే నువ్ తినవ్."

కొత్తగా సర్పంచ్ అయిన వీరేశం ఆ సోమవారం పిల్లలకు విందని, తన గుంటలో పెంచిన మీసాల చేపలు గంపల కొద్దీ ఆటో ట్రాలీలో తెచ్చాడు. ఉప్పేసి ఎంత రుద్దినా జిగురు వదల్లేదు. ఒకదాని పొట్టలోంచి అరగని ఈక వచ్చింది. గ్రేస్ చింతపండు రెండింతలు పిసికి పులుసు పెట్టింది.

వీరేశం కుర్చీలో కూర్చుని చూస్తుండగా ముద్ద నోట్లో పెట్టుకుంది. చేప వెనక కోడి పేగులు, ఫారంలో చచ్చి ఉబ్బిన కోళ్లు. కోడి వెనక దాణా, దాణాలో ఎండుచేపల పొడి. ఆ చేప వెనక మళ్లీ కోడి పేగులు. ప్రతి చుట్టుకూ మందు చేదు పెరుగుతోంది. ఎంత నమిలినా ఎండ తగల్లేదు.

ఉమ్మేసింది. ఆమె ఉమ్మడం ఊళ్లో ఎవరూ ఎన్నడూ చూడలేదు.

"గంట కొట్టకుండ్రి సారూ."

"పెంట తిన్న కోడి గుడ్డు మింగుతవ్, గిది మింగవా?" వీరేశం నవ్వాడు.

"పెంటల ఎండ ఉంటదన్నా. దీంట్ల లేదు. నమ్మకపోతే నువ్వో ముక్క తిను."

"మా ఇంట్ల గవి ఎవ్వరం తినం."

నోరు జారాక గానీ ఏమన్నాడో అతనికి తెలియలేదు. పెద్దసారు తన పళ్లెం కింద పెట్టాడు. పిల్లలు అన్నంలో కారంపొడీ నూనే కలుపుకుని తిన్నారు.

పులుసు ఉన్న పెద్ద గంజును ఆడవాళ్లిద్దరూ గోడ వెనక్కి మోశారు.

"మోరీల పోద్దామా?" అంది బిక్షమ్మ.

"కుక్కలు నాకుతయ్."

"పొలంల?"

"వడ్లల్లకొస్తది."

"బొంద తీసి పూడుద్దాం."

"వానపాములు తింటయ్. వాటిని కోళ్లు తింటయ్. ఆ గుడ్డు తెచ్చి నాకే పెడ్తవ్."

"మరేడ పారేద్దాం?"

గ్రేస్‌కు ఏ జాగా తోచలేదు. గంజును వీరేశం ఆటో ట్రాలీలోకే ఎక్కించారు.

ఆ సాయంత్రం వీరేశం అదే పులుసును వేడిచేయించి, తనను గెలిపించిన మనుషులకు విందు ఇచ్చాడు. తాను ముట్టలేదు. తెల్లారేసరికి పదకొండు మంది నల్లగొండ దవాఖానలో ఉన్నారు.

బడికి పిల్లలు ఒక్కరూ తప్పకుండా వచ్చారు. వంటకు మాత్రం గ్రేస్ బదులు సర్పంచ్ కొత్తామెను పంపాడు.