ఆస్పత్రి నుంచి వచ్చిన పిల్ల

ఋతుజ బతికి ఇంటికొచ్చింది. ఆ మాట చెప్పి పోవడానికి అశోక్ చౌక్ వెనక గల్లీలో వారం రోజులు జనం వస్తూనే ఉన్నారు. కొందరు కొబ్బరికాయ తెచ్చారు, కొందరు బిస్కెట్ పొట్లాలు తెచ్చారు. "పిల్ల దక్కింది, గంతే చాలు యశోదా" అన్నారు. యశోద అందరికీ చాయ్ పెట్టింది. అందరి మాటకూ తల ఊపింది.

శ్రావణంలో మామూలు జ్వరంలాగే మొదలైంది. మూడోరోజు వాంతులు. నాలుగోరోజు పొద్దున పిల్ల గోడ పట్టుకుని నిలబడి, తన చెప్పులు ఎవరివో అన్నట్టు చూసింది. మధ్యాహ్నానికి ఫిట్స్ వచ్చాయి. టవల్స్ నేసే మరమగ్గాల కార్ఖానా నుంచి పిల్ల తండ్రి రాజారాం వచ్చేసరికి యశోద పిల్లను ఆటోలో వేసుకుని కూర్చుని ఉంది.

ఆస్పత్రిలో ఇరవయ్యారు రోజులు. పిల్ల వెన్నులోంచి నీళ్ళు తీసి పరీక్షకు పంపారు. మెదడు వాచిందని డాక్టరు మరాఠీలో చెప్పాడు. ఏదో వైరస్ ఒంట్లోంచి మెదడు దాకా వెళ్ళిందన్నాడు. "ఏ వైరస్ సార్? మురుగు మోరీ దోమలతోనా?" అని రాజారాం రెండుమూడు సార్లు అడిగాడు. తేలలేదని, చాలామంది పిల్లల్లో తేలదని డాక్టరు అన్నాడు. తప్పు ఫలానా దాని మీద వేయడానికి లేక రాజారాం చేతులు కట్టుకుని వరండాలో నిలబడేవాడు.

పదకొండు రోజులు పిల్ల కళ్ళు తెరవలేదు. పన్నెండోరోజు తెరిచింది. కష్టం గట్టెక్కిందని యశోద ఆ రోజే అనుకుంది.

ఎడమకాలు ఈడుస్తుందని, ఎడమచెయ్యి పట్టు తప్పిందని ముందే చెప్పారు. వాటికి సిద్ధంగానే ఉంది. తక్కిన సంగతి ఎవరూ చెప్పలేదు, లేక చెప్పినా ఆ హడావిడిలో ఆమె చెవిన పడలేదు. మూడో తరగతి చదివే ఋతుజ గొంతెత్తి మాట్లాడే పిల్ల కాదు. ఎవరైనా ఇంటికొస్తే తలుపు వెనక నిలబడేది. ఆదివారం తాత కాళ్ళ దగ్గర కూర్చుని గోళ్ళు తీసేది. ఇంటికొచ్చిన పిల్ల అరుస్తుంది. పక్కవాళ్ళ కంచంలో చెయ్యి పెడుతుంది. తిన్నా ఆకలంటుంది, ఇంక చాలంటే కంచం విసిరేస్తుంది. పక్కింటి రూపాలి ముద్దు చేయబోతే ఆమె చెయ్యి కొరికింది.

అన్నిటికన్నా ఆ ఒక్క ప్రశ్న యశోదను తినేసేది.

"ఇయ్యాల ఏం వారమమ్మా?"

"బుధవారం బిడ్డా."

ఇంట్లో కూర్చుని బీడీలు చుట్టడం యశోద పని. నాలుగు చుట్టేలోపు పిల్ల మళ్ళీ అడిగేది. "ఇయ్యాల ఏం వారమమ్మా?"

పొద్దుటి నుంచి రాత్రి దాకా అదే మాట. ఒక్కోసారి పిల్ల తాత, యశోద మామ బాలయ్య జవాబు చెప్పేవాడు. ఆయన నలభై ఏళ్ళు గుంట మగ్గం మీద కూర్చుని మోకాళ్ళు పోగొట్టుకున్నవాడు. జవాబు చెప్పగలడు గాని పిల్ల గల్లీలోకి ఉరికితే వెంట వెళ్ళలేడు. రాజారాం అసలు ఇంట్లోనే ఉండేవాడు కాదు. కార్ఖానాలో పగటి షిఫ్టు అయ్యాక ఇంకో సగం పాళీ చేసేవాడు. "మనుషులు తక్కువున్నరు, సేఠ్ ఉండమన్నడు" అనేవాడు. ఆదివారం గోడ వైపు తిరిగి పడుకునేవాడు.

దసరా వెళ్ళాక ఒక మధ్యాహ్నం యశోద బీడీ ఆకు తడిపి, కత్తిరించి, చాటలో తంబాకు పోసుకుని కూర్చుంది. ఋతుజ అన్నం కావాలంది. ఇప్పుడే తిన్నావు కదా అంది యశోద. పిల్ల చెంబు తీసుకుని నీళ్ళన్నీ చాటలో కుమ్మరించింది. తంబాకు ముద్దయిపోయింది. యశోద చెయ్యి లేచింది. చెంప మీద ఒకటి పడింది. ఆగకుండా ఇంకొకటి పడింది.

"యశోదా" అన్నాడు బాలయ్య.

పిల్ల ఏడ్చింది. కాసేపటికి మానేసింది. యశోద తడిసిన తంబాకు గుడ్డలో పిండుతుంటే వెనక నుంచి వచ్చి భుజం మీద వాలింది. చెంప మీద వేళ్ళు ఎర్రగా తేలి ఉన్నాయి.

"ఇయ్యాల ఏం వారమమ్మా?"

కొట్టిన సంగతి పిల్లకు గుర్తు లేదు. గుర్తుంటే అలిగేది, యశోద బుజ్జగించేది, దగ్గరికి తీసుకునేది. ఇప్పుడు ఎవరిని బుజ్జగించాలి?

"శుక్రవారం" అంది.

మర్నాడు ఆస్పత్రిలో కసరత్తు చేయించే రోజు. చేయించే శీతల్ మేడంది కూడా పద్మశాలీల ఇల్లే, హోట్గి రోడ్‌లో ఉంటుంది, యశోదతో తెలుగే మాట్లాడుతుంది. పిల్ల చేతికి బంతి ఇచ్చి, చెంప చూసింది.

"నేనే కొట్టిన" అంది యశోద, అడగకముందే.

శీతల్ పిల్ల వేళ్ళు ఒక్కొక్కటి బంతి చుట్టూ మడుస్తూ కూర్చుంది.

"మేడం, ఒకటి అడుగుతా, తప్పనుకోకుండ్రి. మా పిల్ల ఎప్పుడొస్తది?"

"వచ్చింది గదా అక్కా, గీడనే ఉంది."

"గీ పిల్ల గాదు."

శీతల్ బంతి పక్కన పెట్టింది. "కొంచెం వస్తది. ఏడాదో రెండేండ్లో పడ్తది. అంతా వస్తదని నేను చెప్ప, అది అబద్ధమైతది. మెదడుల కోపం ఆపే జాగ, యాది పెట్టుకునే జాగ దెబ్బతిన్నయి. కావాలని చేస్తలేదామె."

"అది నాకు ఎరుకే. ఎరుకుండి గూడ చెయ్యి లేసింది." యశోద కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "పిల్ల సచ్చిపోతే ఏడుస్తరు మేడం. బతికిన పిల్ల కోసం ఏడిస్తే జనం ఏమంటరు?"

"గీడ ఏడువు. నేనేమన."

ఏడ్వమని చెప్పాక ఏడుపు రాలేదు. ఊరికే కూర్చుంది. పక్క బల్ల మీద ఎవరి బాబో కాలు ఎత్తమంటే ఎత్తడం లేదు.

"ఇంట్ల పిల్లను నువ్వు గాక ఇంకెవరు పట్టుకుంటరు?" అంది శీతల్.

"మామకు శాతగాదు."

"పప్పా? పిల్ల నాయన?"

యశోద పక్కనున్న బంతి తీసి పిల్ల చేతిలో పెట్టింది.

"మంగళవారం ఆయన్ను రమ్మను. కసరత్ ఆయనకు నేర్పుతా, నీకు గాదు."

ఆదివారం పొద్దున యశోద ఈ సంగతి రాజారాంకు చెప్పింది. సేఠ్ ఒప్పుకోడన్నాడు. గొంతు పెంచే ఓపిక కూడా ఆమెకు లేదు.

"సేఠ్ మాటెందుకు. నువ్వు పని కోసం ఉంటలేవు. పిల్లను సూడలేక ఉంటున్నవ్."

రాజారాం చెప్పులేసుకుని బయటికి పోయాడు. అన్నం వేళకు వచ్చాడు. తినేసి చెయ్యి కడుక్కుంటూ, "మంగళవారం ఏ టైముకు?" అని అడిగాడు.

మంగళవారం తండ్రీ కూతుళ్ళు తిరిగొచ్చేసరికి రాజారాం చొక్కా జేబు చిరిగి వేలాడుతోంది. ముంజేతి మీద పళ్ళ గాట్లు. పిల్లను లోపలికి పంపి గడప మీద కూలబడ్డాడు. కొంతం చౌక్ దగ్గర బండి ముందు నిలబడి ఎవరో భజియా తింటుంటే పిల్ల అతని చేతిలోంచి లాక్కుంది. ఆ మనిషి తిట్టాడు. పెంచడం రాదా అన్నాడు. రాజారాం చేతులు జోడించి, పిల్లను ఎత్తుకుని వచ్చేశాడు.

"ఆడు తిట్టిండని గాదు" అన్నాడు. వేలాడుతున్న జేబును వేళ్ళతో చొక్కాకు నొక్కిపెట్టాడు. "నాకో బిడ్డ ఉండె. గీ పిల్ల ఎవరో నాకు ఎరుకయితలేదు. బిడ్డనే గదా అనుకుంట, దగ్గరికి పోత. ఆమె కండ్లల్ల నేను కనవడ."

భార్య ఏమంటుందోనని తల ఎత్తలేదు.

"నాకు గూడ గట్లనే ఉంది" అంది యశోద.

ఆమె కూడా వచ్చి గడప మీద కూర్చుంది. పక్క షెడ్డులో మగ్గాలు ఆగకుండా కొట్టుకుంటున్నాయి. తలుపు వెనక నిలబడే ఋతుజ గురించి ఆ సాయంత్రం మొదటిసారి ఇద్దరూ మాట్లాడుకున్నారు. తరగతిలో పాట పాడమంటే ఇంటికొచ్చి ఏడ్చిన రోజు గురించి, టవల్‌కు బొమ్మలాగా ముడి వేసి పడుకోబెట్టుకోవడం గురించి. పోయినవాళ్ళ గురించి మాట్లాడినట్టే ఉంది. లోపల పిల్ల, యశోద కత్తిరించి పారేసిన బీడీ ఆకు ముక్కలు తాత ఒళ్ళో పోస్తూ ఏదో అరుస్తోంది. రాజారాం మోకాళ్ళలో తల పెట్టుకుని ఏడ్చాడు. అప్పుడు యశోదకు కూడా ఏడుపు వచ్చింది. తర్వాత లేచి అందరికీ అన్నం పెట్టింది.

ఆ వారం నుంచి అతను ఎక్కువ పాళీ మానేశాడు. మంగళవారం, శనివారం ఆస్పత్రి పని అతనిదే. మొదట్లో చిరాకుపడేవాడు, రెండుసార్లు సగంలో వెనక్కి తెచ్చేశాడు. మూడోసారి శీతల్ మేడం అతన్నే నేల మీద కూర్చోబెట్టి, పిల్ల చెయ్యి ఎలా పట్టుకోవాలో మళ్ళీ మొదటి నుంచి చూపించింది.

రూపాలి ఒకరోజు గుమ్మంలో నిలబడి, "ఏమైనా పిల్ల దక్కింది నీకు" అంది.

"దక్కింది" అంది యశోద. "గని మారిపోయింది రూపాలీ. నాతోని అయితలేదు."

రూపాలి తన చేతి మీద పడిన కాటు మరిచిపోలేదు. అయినా మర్నాటి నుంచి మధ్యాహ్నం ఒక గంట ఋతుజను తన ఇంట్లో కూర్చోబెట్టుకునేది. తలుపు గడియ పెట్టి, టీవీ పెట్టేది. ఆ గంటలో యశోద బీడీలు చుట్టేది కాదు. చాట పక్కన పెట్టి, గోడకు ఆనుకుని ఊరికే కూర్చునేది.

మళ్ళీ వానాకాలం వచ్చేసరికి ఫిట్స్ రాక నాలుగు నెలలైంది. ఎడమచెయ్యి గిన్నె పట్టుకుంటోంది. బడిలో రెండో తరగతిలో సగం పూట కూర్చోనిస్తున్నారు. కోపం పోలేదు, వచ్చినా తొందరగా దిగుతోంది. వారం అడగడం తగ్గింది గాని మానలేదు. పాత ఋతుజ రాలేదు. ఈ పిల్ల కొత్తవాళ్ళను చేయి పట్టుకుని ఇంట్లోకి లాక్కొస్తుంది. బస్సులో కండక్టర్ కాకాను పెళ్ళయిందా అని అడుగుతుంది. బస్సంతా నవ్వుతుంది. ఒక్కోసారి యశోద కూడా నవ్వుతుంది. నవ్వాక గుండెలో ఏదో గుచ్చుకుంటుంది, అది కూడా అలవాటైంది.

నెలనెలా డాక్టరు చూసే రోజున ముగ్గురూ ఆస్పత్రికి వెళ్ళారు. పిల్ల ఎలా ఉందని డాక్టరు అడిగాడు. యశోద నోరు తెరిచేలోపు రాజారాం మొదలుపెట్టాడు. పిల్ల ఒక చేత్తో గోడ పట్టుకుని మెట్లెక్కుతుందన్నాడు. అన్నం ముందు పెట్టి ఆగమంటే కొంచెం ఆగుతుందన్నాడు. మాత్ర మింగాక గంటసేపు మత్తుగా ఉంటుందని, బడి టైముకు అది ఇబ్బందిగా ఉందని, వేళ మార్చవచ్చా అని అడిగాడు. డాక్టరు ఒక మందు తగ్గించాడు, ఇంకొక దాని వేళ మార్చాడు. రాజారాం వాటిని రెండుసార్లు చెప్పించుకున్నాడు.

తను చెప్పాల్సిందేమీ మిగలలేదని యశోదకు అర్థమైంది. బయటికొచ్చి వరండాలో బల్ల మీద కూర్చుంది. జనం, ఫినాయిల్ వాసన, ఎవరి పేరో పిలుస్తున్న నర్సు. తల గోడకు ఆనించింది.

రాజారాం భుజం తట్టేదాకా ఆమెకు మెలకువ రాలేదు. అతని చంకలో మందుల సంచి ఉంది. పిల్ల చెయ్యి అతని చేతిలో ఉంది.

"చల్, పోదాం" అన్నాడు. "ఇంకొంచెం పండుతవా?"

"ఇంకొంచెం" అంది యశోద.

తండ్రీ కూతుళ్ళు ఆమె పక్కన కూర్చున్నారు.