ఎస్, యూ, ఆ తర్వాత గీత

ప్రెస్సులో ప్రింటరు ఉన్నట్టుండి మొండికేసింది. ప్రశ్నపత్రాలు సగం బయటికొచ్చాయి, మిగతా సగం లోపలే ఉండిపోయాయి. మధ్యాహ్నానికల్లా బడివాళ్ళు వచ్చి పట్టుకెళ్ళాలి. కంప్యూటర్ల సంగతి చూసుకునే మరిదేమో కాలు విరిగి ఆసుపత్రిలో ఉన్నాడు. టైపు చేయడం తప్ప మరోదాని జోలికి పోని వదిన దిక్కుతోచక అతనికే ఫోన్ చేసింది.

"కంగారుపడకు వదినా. ఆగిన ప్రింటర్ని కదిలించాలంటే నువ్వు రూట్‌గా మారాలి. అంటే ఆ కంప్యూటరుకి యజమానివన్నమాట. తెరమీద ఆజ్ఞలు కొట్టే నల్ల కిటికీ తెరిచావా? ఎస్, యూ, కాస్త ఖాళీ వదిలి గీత. ఎంటర్ కొట్టు."

కొట్టింది. తెరమీద పడిన ఇంగ్లీషు ముక్కని కూడబలుక్కుంది.

"గీత అనే మనిషి ఇక్కడ లేదంటోంది."

"ఏ గీత?"

"నాకేం తెలుసు? నువ్వేగా కొట్టమన్నావు."

ఫోనులో వెనకనుంచి తోడికోడలి గొంతు వినిపించింది. "ఏమండీ, ఎవరా గీత?"

"పేరు కాదే, గుర్తు" అని అటు సర్దిచెప్పి, "అడ్డగీత వదినా" అన్నాడు మరిది.

ఈసారి ఆమె అడుగున పడే గీత పెట్టింది. కంప్యూటరు దాన్నీ మనిషే అనుకుని, అలాంటివాళ్ళూ లేరంది.

"అడుగున కాదు, మధ్యలో పడాలి. మీట అదే, షిఫ్ట్ నొక్కకు."

ఇప్పుడు పాస్‌వర్డు అడిగింది. అతను చెప్పిన అక్షరాలన్నీ కొట్టింది గానీ తెరమీద ఒక్కటీ పడలేదు.

"కీబోర్డు కూడా పోయినట్టుందయ్యా."

"పాస్‌వర్డు కనబడదు, గుడ్డిగా కొట్టెయ్. చివర్న అల లాంటి వంకరగీత. ఎడమవైపు మూల చూడు, షిఫ్ట్ పట్టుకుని కొట్టు."

"మళ్ళీ గీతేనా" అని గొణుక్కుంటూ కొట్టింది. "ఇందాకటిదాకా వరస చివర ఉన్న డాలరు గుర్తు పోయి రెండు నిలువులూ రెండు అడ్డాలూ వచ్చాయి."

"అదే హాష్. ఇక నువ్వే రూట్‌వి."

"మరి నేనేమయ్యాను?"

అతను ఇంకో ఆజ్ఞ చెప్పాడు. ఆమె అక్షరం అక్షరం చదివి వినిపిస్తూ కొట్టింది. ప్రింటరు గరగరమని కాగితాలు లాక్కోవడం మొదలెట్టింది.

"ఎగ్జిట్ కొట్టి వచ్చెయ్ వదినా. రూట్‌గా ఉండి ఏది చెరిపినా పోతుంది."

కొట్టింది. డాలరు తిరిగొచ్చింది. సరిగా పడిందో లేదోనని మళ్ళీ కొట్టింది. కిటికీయే మాయమైంది. హడావిడిగా ఆ సంగతి ఫోనులో చెప్పింది.

"ఏం కాలేదు. మొదటిసారి రూట్ వెళ్ళిపోయాడు, రెండోసారి నువ్వెళ్ళావు" అన్నాడు మరిది, నవ్వాపుకుంటూ.

ఆ మాట ఎటు తిప్పి చూసుకున్నా ఆమెకు కొరుకుడు పడలేదు. బడివాళ్ళు వచ్చి కట్టలు పట్టుకెళ్ళేదాకా రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, దేన్నీ తాకకుండా కూర్చుంది.